అబూ డీ అమానతు

రజాయీ పళ్లు తోముకునే బ్రష్షుతో కీబోర్డు తోముతున్నాడు. బోర్లించి తట్టగానే కింద పరిచిన కాగితం మీద నువ్వులు రాలాయి, వాటితోపాటు ఎండిన జఅతర్ ఆకు పొడి. ఇర్బిద్ అనే ఈ అరబ్బు ఊళ్లో ఏ కీబోర్డు దులిపినా ఇదే వరస. ఊరు ఊరంతా పొద్దున్నే జఅతర్ చల్లిన రొట్టె కొరుక్కుంటూ కంప్యూటరు ముందు కూర్చుంటుంది మరి. అతను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బుట్టలో వేశాడు. రోజూ చేసే పనినైనా అలా మడత నలగకుండా చేయడం అతనికి అలవాటు.

దుకాణం యూనివర్సిటీ వీధిలో, రోడ్డుకు తొమ్మిది మెట్లు కిందుగా ఉంటుంది. ముందు గది యజమాని అబూ ముహన్నద్ రాజ్యం. అందులో ఫోన్ల తొడుగులు, చార్జర్లు, మెరిసే చెత్త అంతా వేలాడుతుంది. చెక్క తడిక వెనక రజాయీ బల్ల, ఒక గుడ్డి బల్బు, కాళ్ల దగ్గర కిరోసిన్ పొయ్యి. జనవరి వాన మెట్ల మీంచి జారి తడిక దాకా వస్తోంది. యాభై ఏడేళ్ల మనిషి, సన్నగా, భుజాలు ముందుకు వంగి, మోచేతుల దగ్గర రెండుసార్లు అతుకు వేసిన స్వెట్టరులో కూర్చుని ఉన్నాడు. వారం రోజులుగా ఎడమ చెయ్యి బరువుగా ఉంటోంది. చలి అనుకున్నాడు.

"ఏం అబూ డీ, పిల్లలంతా క్షేమమేనా?" అంటూ అబూ ముహన్నద్ గొడుగు దులుపుతూ దిగాడు.

"క్షేమమే. పొయ్యి పక్కన పెట్టు గొడుగు, తీగల మీద కాదు."

"చూశావా, తండ్రివన్నాక ఈ మాత్రం చాదస్తం ఉండాల్సిందే."

ఈ ఊళ్లో వయసు వచ్చిన మగవాడిని కొడుకు పేరు ముందు 'అబూ' చేర్చి, ఫలానావాడి తండ్రి అని పిలుస్తారు. రజాయీకి కొడుకు లేడు, పెళ్లే లేదు. అందుకని అబూ ముహన్నద్ అతనికి 'డీ'ని కొడుకుగా ఇచ్చాడు. హేళనే, కాని అందులో అబద్ధం లేదు. ఇరవై రెండేళ్లుగా ఏ కంప్యూటరు చేతికొచ్చినా రజాయీ దాని డిస్కును రెండు వాటాలు చేస్తాడు. సీ వాటాలో విండోస్, డీ వాటాలో మనిషి దాచుకునేవి. డీకి 'అమానతు', అంటే నమ్మి అప్పగించిన సొత్తు, అని పేరు రాస్తాడు. ఆ మీదట, నోట్లో నాలుక లేనివాడని పేరుపడ్డ ఆ మనిషి, కొన్నవాడికి ఒకే ఒక ఉపదేశం చేస్తాడు. "సీ అంటే గుడారం, గాలివానకు లేచిపోతుంది. డీ అంటే రాతి ఇల్లు. మీవన్నీ డీలో పెట్టుకోండి, భయం లేదు." ఊళ్లో సగం ఇళ్లలో పెళ్లి ఫొటోలు, పరీక్ష నోట్సు, చనిపోయినవాళ్ల కాగితాలు అమానతు అనే పేరు కింద ఉన్నాయి. ఆ పేరు ఎవరు పెట్టారో వాళ్లలో సగం మందికి గుర్తుండదు.

తొమ్మిదిన్నరకు నుహాద్ వచ్చింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పితో మెట్లు ఒక్కోటీ పక్కవాటుగా దిగింది. శరణార్థుల క్యాంపులో ఆడవాళ్ల కుట్టుకేంద్రం నడుపుతుంది. ఏటా జనవరిలో ఒకసారి కంప్యూటరు శుభ్రం చేయించుకోవడానికి వస్తుంది, వచ్చినప్పుడల్లా నూనెలో ఊరేసిన వంకాయల సీసా తెస్తుంది. పోయినేడాది సీసా కడిగి, ఆరబెట్టి, సంచిలో చుట్టి అతను డిసెంబరు నుంచే బల్ల కింద ఉంచాడు. ఆమె అంటే ఇష్టమా అని ఎవరైనా అడిగితే రజాయీ కంగారుపడేవాడు. ఎవరూ అడగలేదు.

"ఉస్తాద్ రజాయీ, మీరు సన్నబడ్డారు."

"స్వెట్టరు లావు, సిత్ నుహాద్. లోపల ఎప్పుడూ ఇంతే."

ఆమె నవ్వి లాప్‌టాప్ బల్ల మీద పెట్టింది. పాత విండోస్‌కు మరమ్మతులు రావడం పోయిన అక్టోబరులో ఆగిపోయింది, దానితో ఇంటర్నెట్‌కు వెళ్లడం ఇక ప్రమాదమని అతనే ఫోనులో చెప్పాడు. కాని ఆమె కుట్టు నమూనాలు గీసే ప్రోగ్రాం విండోస్‌లో తప్ప నడవదు. అందుకని ఒకే డబ్బాలో రెండూ ఉంచాలి. లోకంతో ఉత్తరప్రత్యుత్తరాలకు లినక్స్, తలుపులు మూసుకుని కుట్టుపని చేసుకోవడానికి పక్కనే విండోస్. వెలిగించినప్పుడల్లా తెర మీద రెండు వరసలు వస్తాయి, ఏది కావాలో ఎంచుకోవాలి.

"పైది ఊరికి, కిందిది ఇంటికి. అంతేనా?" అంది నుహాద్.

"అంతే. నేను చెప్పినదానికన్నా మీరు బాగా చెప్పారు."

"నాలుగింటికి వస్తాను. రేపు కొత్త బ్యాచ్ అమ్మాయిలు పదిమంది వస్తున్నారు. నమూనాలు జాగ్రత్త, ఉస్తాద్. పాత గౌన్ల మీది కుట్టుపువ్వులు చూసి గీసుకున్నవి. ఆరు వందల నలభై ఉన్నాయి. ఆ పాత గౌన్లు ఇప్పుడు లేవు, వాటిని కుట్టిన ముసలమ్మలూ లేరు."

"డీలోనే పెట్టారుగా?"

"మీరు చెప్పాక ఇంకెక్కడ పెడతాను? వేరే ఎక్కడా లేవు కూడా."

ఆ చివరి మాట అతనికి గర్వంగా అనిపించింది. ఆమె మెట్లెక్కి కనుమరుగయ్యేదాకా చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఆ లాప్‌టాప్ లోపలంతా అతని చేతి పనే. విండోస్ ఒక చిన్న కొత్త డిస్కులో ఉంది. సీడీలు పెట్టే అర తీసేసి అక్కడ ఆమె మొదటి కంప్యూటరులోని పాత పెద్ద డిస్కు బిగించాడు. దాన్ని సరిగ్గా సగానికి కోశాడు. మొదటి సగం డీ, అమానతు. రెండో సగం ఖాళీ, ఎప్పటికైనా పనికొస్తుందని. ఆ ఎప్పుడో ఇవాళ వచ్చింది. ఖాళీ సగాన్ని తీసేసి అక్కడ లినక్స్ పెడితే సరి. గంటన్నర పని, కళ్లు మూసుకుని చేయగలడు.

ముందు నకలు తీసుకోవాలని అతనికి తెలియదా? తెలుసు. నమూనాలన్నీ కలిపి నాలుగు జీబీలు కూడా లేవు, చిన్న పెన్‌డ్రైవు చాలు. తీయలేదు. లేచి ముందు గదికి వెళ్లి అడగడానికి బద్ధకించాడు, చెయ్యి బరువుగా ఉంది, ముట్టుకునేది ఖాళీ సగాన్నే కదా అనుకున్నాడు. పెద్ద తప్పులకు పెద్ద కారణాలుండాలని రూలేమీ లేదు.

లినక్స్ ఎక్కించే పెన్‌డ్రైవు గుచ్చి లాప్‌టాప్ వెలిగించాడు. మొదటి తెర ఏ భాష కావాలని అడిగింది. అతను ఎప్పుడూ ఇంగ్లీషే నొక్కుతాడు. ఇవాళ ఆగాడు. నుహాద్‌కు ఇంగ్లీషు రాదు, మొదట్నుంచీ అరబ్బీలోనే ఉంటే ఆమెకు తేలిక అనుకుని అరబ్బీ నొక్కాడు. తెర మీది రాతంతా కుడి నుంచి ఎడమకు సర్దుకుంది. డిస్కును కోసే పనిముట్టు తెరిచాడు. పైన పొడుగాటి పట్టీ, మధ్యలో గీత, రెండు సమానమైన ముక్కలు. అరబ్బీ విండోస్‌లో ఆ పట్టీ కూడా రాతతోపాటు కుడి నుంచి మొదలవుతుంది. మొదటిది కుడివైపు, రెండోది ఎడమవైపు. ఇరవై రెండేళ్లుగా అతని కన్ను అలాగే చదువుతోంది. ఇంగ్లీషులో పనిచేసేటప్పుడు కన్ను తనంతట తానే తిరగబడేది. ఇప్పుడు చుట్టూ సొంత అక్షరాలు, అందుకని కన్ను తిరగబడలేదు. పట్టీ మాత్రం ఎడమ నుంచే మొదలై ఉంది, దాన్ని గీసినవాడికి కుడి నుంచి చదివేవాళ్లు గుర్తుకు రాలేదు కాబోలు.

రజాయీ ఎడమ ముక్కను పట్టుకుని తీసేశాడు. ఖాయమా అని అడిగితే ఖాయమే అన్నాడు.

పని మొదలుపెట్టే ముందు అమానతును ఒకసారి తెరిచి చూడడం అతనికి మామూలు. మంచం ఎక్కేముందు తలుపు గడియ చూసుకున్నట్టు. మిగిలిన ముక్కను తెరిచాడు. అందులో ఏమీ లేదు.

కొంతసేపు అతను తెలుపు మీద తెలుపును చూస్తూనే ఉన్నాడు. తర్వాత పట్టీని చూశాడు, రాతను చూశాడు, తన కుడిచేతిని చూసుకున్నాడు. నుదుట చెమట పట్టి, పొయ్యి పక్కన కూర్చున్నా ఒళ్లు చల్లబడింది. ఆరు వందల నలభై. వేరే ఎక్కడా లేవు. లేకపోవడానికి కారణం తన మాటే. "భయం లేదు" అని తన నోటితోనే అన్నాడు.

"ఏమైంది, దగ్గుతున్నావు?" అని ముందు గదిలోంచి అబూ ముహన్నద్ అరిచాడు.

"ఏం లేదు. దుమ్ము."

అతను చేతులు ఒళ్లో పెట్టుకుని పదిసార్లు ఊపిరి పీల్చాడు. ఏం చేయకూడదో అతనికి బాగా తెలుసు. ఆ డిస్కు మీద ఇంకొక్క అక్షరం రాయకూడదు. గోడ చెరిపినంత మాత్రాన గదిలో సామాను పోదు. గోడ ఎక్కడుండేదో కనిపెట్టి మళ్లీ అక్కడే గీత గీస్తే గది గదిలాగే తిరిగొస్తుంది. గీత వెంట్రుకవాసి పక్కకు పడితే మాత్రం సామాను మట్టి. పాత సరిహద్దులు వెతికే పనిముట్టు మొదలుపెట్టి, పైనుంచి ఒకసారి చూడమన్నాడు. నిమిషంలో ఒక గోడ దొరికిందంది. లోపల ఏముందో చూపించమంటే చదవలేనంది. అది నిజం గోడ కాదు.

అప్పుడు డిస్కు అంతా అంగుళం అంగుళం తవ్వమన్నాడు. పాత డిస్కు, ముసలి ఎద్దులా కదిలింది. వందలో ఒక వంతు, రెండు వంతులు. కిరకిర శబ్దం. చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు.

పదకొండు వంతుల దగ్గర ఒక గీత బయటపడింది. అది మూడు ముక్కల కాలంనాటిది. పన్నెండేళ్ల కిందట నుహాద్ మొదటిసారి వచ్చినప్పుడు ఈ డిస్కును అతను మూడుగా కోశాడు. ఆమె వెంట ఒక ముసలమ్మ వచ్చింది, కంప్యూటరును తాకి చూసి, "ఇందులో నా గౌను పడుతుందా?" అని అడిగింది. ఇరవై తొమ్మిది దగ్గర ఇంకో గీత, ఒక ముక్క పెద్దది ఒకటి చిన్నది. ఆమె రెండో కంప్యూటరు కొన్న ఏడాది. అప్పట్లో రజాయీ అమ్మ బతికే ఉంది. మంచంలో ఉండేది, మధ్యాహ్నం ఇంటికి పోయి తినిపించి వచ్చేవాడు. పధ్నాలుగేళ్లు అలా పోయివచ్చాడు. పెళ్లి సంబంధాలు మొదట్లో వచ్చాయి, తర్వాత ఆలస్యంగా వచ్చాయి, తర్వాత రాలేదు. దాని గురించి అతను ఎవరిమీదా కోపం పెట్టుకోలేదు. అమ్మ పోయాక హాష్మీ వీధిలో మేడ మీద ఒంటరి గది. పొద్దున వచ్చేటప్పుడు రేడియో ఆపకుండా వస్తాడు, తిరిగి తలుపు తీసేసరికి లోపల ఎవరో మాట్లాడుతుండాలని. మరమియ ఆకు వేసి టీ కాస్తే అమ్మ గిన్నెలో రెండు గ్లాసులు అవుతుంది. రెండూ తనే తాగుతాడు.

మధ్యాహ్నం అబూ ముహన్నద్ రొట్టె, టమాటా కూర పట్టుకుని తడిక తోసుకుని వచ్చాడు.

"తిను. ముఖం ఏమిటి అలా ఉంది, సున్నం కొట్టినట్టు?"

"చలి."

"చలికి చెమట పడుతుందా? డాక్టరు దగ్గరికి పోదాం పద. దుకాణం కాసేపు మూస్తే కొంప మునగదు."

"ఇది అయ్యాక. నాలుగింటికి ఆమె వస్తుంది."

"ఆమె వస్తే రేపు రమ్మంటాను. ఆమె నీకేమైనా పెళ్లామా, భయపడడానికి?"

రజాయీ తెర మీంచి కళ్లు తిప్పకుండా, "ఇప్పుడు లేచానంటే కుదరదు, అబూ ముహన్నద్. నన్ను వదిలేయ్," అన్నాడు. ఆ గొంతు యజమానికి కొత్త. రొట్టె మీద పళ్లెం బోర్లించి వెళ్లిపోయాడు.

యాభై వంతుల దగ్గర మూడో గీత పడింది. సమానమైన సగం. అమ్మ పోయిన ఏడాది కోసిన గీత అది. ఆ జనవరిలో నుహాద్ ముఖానికి మాస్కు కట్టుకుని వచ్చింది, విషయం తెలిసి ఏమీ అనకుండా తడిక పక్కన చాలాసేపు నిలబడింది. అందరూ అనే మాటలన్నీ అందరూ అన్నారు, అలా నిలబడ్డది ఆమె ఒక్కతే. రజాయీ లోపలిది చూపించమని నొక్కాడు. క్షణం ఏమీ లేదు. తర్వాత నమూనాల పేర్లు వరసగా దిగాయి. పాషా గుడారం. శనగలూ ఎండుద్రాక్షా. ముసలాడి పళ్లు. రొట్టెలవాడి పెళ్లాం. ఆవు కన్ను. ఒక్కో పేరు పక్కన ఆ గౌను ఏ ఊరిదో, అది కుట్టిన ముసలమ్మ ఎవరో రాసి ఉంది.

అతను ఏడ్చాడు. శబ్దం బయటికి రాకుండా, కళ్లజోడు తీయకుండా ఏడ్చి, గీతను మూడుసార్లు లెక్క సరిచూసి, రాయమన్నాడు. ఆపి మళ్లీ వెలిగించాడు. అమానతు వచ్చింది. లోపల ఆరు వందల నలభై ఉన్నాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఇప్పుడు మాత్రం ముందు గదికి వెళ్లి ఒక నల్ల పెన్‌డ్రైవు తెచ్చుకుని నమూనాలన్నీ అందులోకి నకలు తీశాడు. ఆ తర్వాతే ఖాళీ సగాన్ని పట్టుకున్నాడు, ఈసారి పట్టీ మీద వేలు పెట్టి, చిన్నపిల్లాడిలా ఎడమ నుంచి చదువుకుంటూ. లినక్స్ బుద్ధిగా వెళ్లి అక్కడ కూర్చుంది. పై వరస నొక్కితే ఊరు, కింది వరస నొక్కితే ఇల్లు. మూడున్నర కావస్తోంది.

ఆమెకు చెప్పాల్సిన మాటలు పెదవులతో కూడబలుక్కున్నాడు. సిత్ నుహాద్, ఇవాళ నేను తప్పు చేశాను. మీ నమూనాలు చెరిపేశాను, మళ్లీ తెచ్చాను. డీని నమ్మకండి, నన్నూ నమ్మకండి. ఇదిగో రెండోది, మీ ఇంట్లో పెట్టుకోండి. చెబితే ఆమె ఇక రాకపోవచ్చు. వచ్చినా ఆ నమ్మకం ఉండదు. ఉన్న ఒక్క నమ్మకాన్నీ తన చేత్తోనే తీసేయాలన్నమాట. అయినా చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా ఊరందరికీ చెప్పింది సగం మాటే, మిగతా సగం ఈమెతో మొదలుపెట్టాలి.

పెన్‌డ్రైవు మీద ఆమె పేరు రాసి అంటించాలి. కాగితపు టేపు ముందు గదిలో ఉంది. కాస్త ఆగి తెచ్చుకుందామనుకుని, కళ్లజోడు తీసి, తల ముంజేతుల మీద ఆనించాడు.

అసర్ నమాజుకు పిలుపు వినబడినప్పుడు అబూ ముహన్నద్ తడిక మీంచి తొంగి చూశాడు. ఇరవై రెండేళ్లలో ఈ మనిషి పని వేళ నిద్రపోగా చూడలేదు. పడుకోనీలే అనుకుని, పొయ్యి వత్తి కొంచెం పెంచి, చప్పుడు చేయకుండా వెళ్లాడు.

నాలుగింటికి నుహాద్ మెట్లు దిగింది.

"అబూ డీ, లే. సిత్ నుహాద్ వచ్చారు," అని అబూ ముహన్నద్ భుజం తట్టాడు. "లేవయ్యా, పడుకున్నది చాలు." మళ్లీ తట్టాడు. ఆ తర్వాత, "రజాయీ," అని పిలిచాడు. ఆ పేరుతో అతన్ని పిలిచి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తు లేదు. తడిక అవతల నుహాద్ ఆ గొంతు విని, చేతిలో గొడుగు వదిలేసింది.

అంబులెన్సువాళ్లు గంట కిందటే పోయాడన్నారు. జర్కా నుంచి చెల్లెలు వచ్చింది. మర్నాడు వాన తెరిపిలో మట్టి చేశారు. పరామర్శకు మూడు రోజులూ అబూ ముహన్నద్ తన ఇంటి ముందు కుర్చీలు వేయించాడు, చేదు కాఫీ కాయించాడు. ముప్పై కుర్చీలకు ఎప్పుడూ పది నిండలేదు. ఊళ్లో ఇన్ని ఇళ్లలో పనిచేసినవాడు పోయాడని ఎవరికి, ఎలా తెలుస్తుంది?

నాలుగో రోజు నుహాద్ లాప్‌టాప్ కోసం వచ్చింది. అబూ ముహన్నద్ తడిక విప్పేసి బల్ల సర్దుతున్నాడు. ముందు గది వెనకదాకా పెంచుతాడట.

"పని అయిందో లేదో నాకు తెలీదు, సిత్. నాకు తొడుగులు అమ్మడమే వచ్చు," అన్నాడు. ఆమె అక్కడే, అతని కుర్చీలోనే కూర్చుని వెలిగించింది. రెండు వరసలు వచ్చాయి. కిందిది నొక్కింది. అమానతు తెరిచి కిందిదాకా జరిపింది. పాషా గుడారం ఉంది, ఆవు కన్ను ఉంది, అన్నీ ఉన్నాయి.

"చేసే పోయారు. ఎంత నెమ్మదస్తుడో చూడండి," అంది, కళ్లు ఒత్తుకుంటూ.

"ఎందుకైనా మంచిది, ఇంకో కాపీ ఎవరిచేతైనా తీయించమంటారా?"

"ఎందుకు? ఆయన అమానతులో పెట్టమన్నారు, పెట్టాను. పన్నెండేళ్లలో ఒక్కటి పోలేదు. ఆయన పోయారని ఇప్పుడు అనుమానించమంటారా?"

లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకోబోతుంటే దాని అంచు కింద నల్ల పెన్‌డ్రైవు కనిపించింది. తీసి ఇటూ అటూ తిప్పి చూసింది. పేరు లేదు.

"ఇది మీదేమో," అని అబూ ముహన్నద్ చేతిలో పెట్టింది.

"ఎవరిదో. ఇలాంటివి బోలెడుంటాయి. తుడిచి మళ్లీ వాడుకుంటాం."

ఆమె మెట్లు ఒక్కోటీ పక్కవాటుగా ఎక్కి వెళ్లింది. అబూ ముహన్నద్ దాన్ని పేరు లేని మిగతా పెన్‌డ్రైవులున్న పాత బిస్కెట్ల డబ్బాలో పడేసి మూత నొక్కాడు. సొట్టపోయిన మూత సరిగా పట్టలేదు, సందులోంచి నల్లటి మొన ఒకటి కాస్త బయటికే ఉండిపోయింది.